ఫ్రికాసేలో కొవ్వు చేసే పనులు

ఫ్రెంచివారి పాతకాలపు కోడి వంటకాల్లో ‘ఫ్రికాసే ద పూలే ఆ లాన్సియెన్’ది పెద్దపీట. కోడి ముక్కల్ని వెన్నలో, రంగు పెద్దగా తిరగనివ్వకుండా మగ్గిస్తారు. పైన మైదా చల్లి, వైట్ వైన్, కోడి ఎముకల రసం పోసి సన్నటి సెగ మీద ఉడికిస్తారు. చిన్న ఉల్లిపాయల్నీ, తెల్ల పుట్టగొడుగుల్నీ విడిగా వెన్నలో వండి కలుపుతారు. ఆఖరున గుడ్డు పచ్చసొనా మీగడా గిలక్కొట్టి సాసులో పోస్తారు. పళ్ళెంలో కనిపించేదంతా తెలుపే, లేదంటే లేత దంతపు రంగు. ఫ్రెంచి వంటవాడు ఒగ్యుస్త్ ఎస్కోఫియే 1903లో వెలువరించిన ‘ల గీద్ క్యులినేర్’ అనే వంటల పుస్తకంలో ఈ వంటకం ఉంది. 1961లో జూలియా చైల్డ్ మరో ఇద్దరు రచయిత్రులతో కలిసి అమెరికన్ గృహిణుల కోసం తెచ్చిన ఫ్రెంచి వంటల పుస్తకంలోనూ ఉంది. అరవై ఏళ్ళు గడిచినా పద్ధతి పెద్దగా మారలేదు. అంత గట్టి వంటకం ఇది.

నలుగురికి వండితే అందులో కొవ్వెంతో చూద్దాం. కోడికీ, ఉల్లిపాయలకీ, పుట్టగొడుగులకీ కలిపి 90 గ్రాముల వెన్న, 150 మిల్లీలీటర్ల చిక్కటి మీగడ, రెండు పచ్చసొనలు పడతాయనుకుందాం. వెన్నలో 82 శాతం కొవ్వు, అంటే 74 గ్రాములు. మీగడలో 35 శాతం చొప్పున 52 గ్రాములు. పచ్చసొనల్లో ఇంకో 9. మొత్తం 135 గ్రాములు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు కాబట్టి 1200 కేలరీల పైమాట, తలకి 300. ఇది సాసు లెక్క మాత్రమే. కోడి చర్మాన్ని ఇందులో కలపలేదు. పచ్చి కోడి చర్మం బరువులో దాదాపు మూడో వంతు కొవ్వే.

ఈ కూరని తేలిక చేద్దామనుకున్నవాళ్ళు సాధారణంగా మీగడ బదులు పాలు పోస్తారు, వెన్న సగానికి సగం తగ్గిస్తారు. వచ్చేది పలచటి, చప్పటి కూర. రెండో రోజు ఎవరూ దాని జోలికి పోరు. తప్పు కొవ్వు తగ్గించాలనుకోవడంలో లేదు. ఆ కొవ్వు అక్కడ ఏయే పనులు చేస్తోందో చూడకపోవడంలో ఉంది. ఫ్రికాసేలో అది ముక్కకి వేడినందిస్తుంది, నాలుకకి నునుపునిస్తుంది, పులుపు పడినా సాసు విరగకుండా కాపాడుతుంది, సువాసనల్ని పట్టి ఉంచుతుంది. ఒకే దినుసు ఇన్ని పనులు చేస్తున్నప్పుడు దాన్ని తీసేస్తే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఒక్కో పనినీ మరో దినుసుకి అప్పగిస్తే మాత్రం ఆ కూర కూరగానే నిలుస్తుంది.

ఈ ప్రయత్నం ఫ్రాన్సులోనే గట్టిగా జరిగింది. 1973లో ఆంరీ గో, క్రిస్తియాఁ మియో అనే ఇద్దరు పత్రికా రచయితలు ‘నువెల్ క్విజీన్’ పేరిట కొత్త వంటకి పది సూత్రాలు ప్రకటించారు. మైదాతో చిక్కబరిచే బరువైన తెల్ల సాసులూ గోధుమరంగు సాసులూ పోవాలన్నది అందులో ఒకటి. ఆహారం ఒంటికి ఏం చేస్తుందో వంటవాడు పట్టించుకోవాలన్నది మరొకటి. మిషెల్ గెరార్ అనే వంటవాడు ఈ రెండో మాటని అందరికంటే శ్రద్ధగా తీసుకున్నాడు. నైరుతి ఫ్రాన్సులోని లాంద్ ప్రాంతంలో ఎజెనీ-లె-బాఁ అనే ఊరుంది. వేడినీటి బుగ్గల దగ్గర చికిత్సకి జనం వచ్చే చిన్న ఊరు. బాతు కొవ్వుకీ, ఫ్వాగ్రాకీ (బలిపించిన బాతు కాలేయం) పేరుపడ్డ ఆ ప్రాంతంలోనే గెరార్ బరువు తగ్గాలని వచ్చినవాళ్ళకి గొప్ప ఫ్రెంచి భోజనం పెట్టాలని పూనుకున్నాడు. 1976లో ‘లా గ్రాంద్ క్విజీన్ మాఁసర్’ అనే పుస్తకం రాశాడు. మీగడ స్థానంలో ఫ్రొమాజ్ బ్లాఁ అనే వెన్న తక్కువైన మెత్తటి పాలవిరుగుడునీ, మైదా స్థానంలో మెత్తగా నూరిన కూరగాయల గుజ్జునీ వాడి చూపించాడు. మరుసటి ఏడాది అతని భోజనశాలకి మిషెలిన్ గైడు వారి మూడో నక్షత్రం వచ్చింది. పథ్యపు తిండికి గౌరవం సంపాదించిపెట్టిన మనిషిగా అతన్ని తలుచుకోవాలి.

మైదా మీద ఆ తరం ప్రకటించిన యుద్ధం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది. సాసులోంచి మైదా తీసేశాక చాలామంది వంటవాళ్ళు చిక్కదనం కోసం ఏం చేశారు? మీగడని సగమయ్యేదాకా మరిగించారు, లేదా దింపే ముందు వెన్న ముక్కలు వేసి గిలక్కొట్టారు. చూడటానికి సాసు మెరిసింది, నోట్లో తేలిగ్గా జారింది. కొవ్వు మాత్రం పెరిగింది. రెండు పెద్ద చెంచాల మైదా బరువు 16 గ్రాములు, దాన్నుంచి వచ్చేవి 60 లోపు కేలరీలు. అర లీటరు రసాన్ని చెంచాకి అంటుకునేలా చిక్కబరచడానికి అది చాలు. మీగడతో అంత పని చేయించాలంటే వందల కేలరీలు పోయాలి. నాలుకకి బరువనిపించేది వేరు, ఒంటికి బరువయ్యేది వేరు. ఫ్రికాసేని తేలిక చేయదలచినవాళ్ళు మైదాని వెళ్ళగొట్టకూడదు.

ఇక కొవ్వు చేసే పనుల్లో మొదట వేడి సంగతి. ఉడుకుతున్న నీరు 100 డిగ్రీలు దాటదు. మాంసం మీద కమ్మటి వేపుడు వాసన పుట్టించే చర్య జోరుగా సాగాలంటే 140 డిగ్రీల సెంటీగ్రేడు పైన ఉండాలి. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలూ కొన్ని చక్కెరలూ కలిసి వందలకొద్దీ కొత్త వాసన పదార్థాల్ని పుట్టించే ఆ చర్యని 1912లో వర్ణించినవాడు లూయీ కమీయ్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడే. మూకుడికీ ముక్కకీ మధ్య గాలి ఖాళీలు లేకుండా నిండి, నీటిని మించిన వేడిని అందించేది కొవ్వు. పాత పద్ధతి ఫ్రికాసేలో ముక్కని ఎర్రగా వేయించరు. అక్కడి కమ్మదనం ప్రధానంగా వెన్నదీ మీగడదీ. ఆ రెండూ తగ్గించినప్పుడు రుచికి మరో మూలం వెతకాలి. ఆ మూలం మయార్ చర్యే కావాలని నా అభిప్రాయం. తెల్లదనం కొంత పోతుంది, సాసు లేత గోధుమరంగుకి తిరుగుతుంది. సంప్రదాయం తెలిసిన ఫ్రెంచి వంటవాడు దీనికి అభ్యంతరం చెప్పవచ్చు. తెలుపా, రుచా అని ఎంచుకోవలసి వస్తే నేను రుచినే పట్టుకుంటాను.

ముక్కని ఎర్రగా వేయించడానికి బయటి కొవ్వు అక్కర్లేదు. మన చికెన్ షాపుల్లో స్కిన్‌లెస్ అడగడం అలవాటైపోయింది గానీ ఈ కూరకి విత్ స్కిన్ తీసుకోవాలి. కాళ్ళూ తొడల ముక్కల్ని తుడిచి, తడి లేకుండా చూసి, చర్మం వైపు కిందకి పెట్టి మందపాటి పెనం మీద సన్నటి మంటన ఉంచితే చర్మంలోని కొవ్వు కరిగి బయటికొస్తుంది. ముక్క తన కొవ్వులో తానే వేగుతుంది. ఎర్రబడ్డాక ఆ కొవ్వులో ఒక చిన్న చెంచాడు ఉంచి మిగతాది వంపేయాలి. తరవాత చర్మం తీసేయాలి. చర్మం గొప్పదనమంతా కరకరలో ఉంది. సాసులో ముప్పావుగంట నానిన చర్మం మెత్తబడి జారుతుంది, దానికోసం అంత కొవ్వు తినడం దండగ. పెనం అడుగున అంటుకున్న గోధుమరంగు పొరని మాత్రం వదలకూడదు. వైన్ పోసి గరిటెతో గీకితే ఆ రుచంతా సాసులోకి దిగుతుంది.

తొడ ముక్కలే ఎందుకు? రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, నిజమే. కానీ అందులో కొలాజెన్ కూడా తక్కువే. కండల్ని ఎముకకి కట్టి ఉంచే ఈ ప్రోటీను 70 డిగ్రీలు దాటాక, సమయమిస్తే, కరిగి జెలటిన్ అవుతుంది. జెలటిన్ కరిగిన రసం పెదాలకి అంటుకుంటుంది, నోట్లో కాసేపు నిలుస్తుంది. కొవ్వు తగ్గిన సాసుకి కావలసిన గుణం అదే. గ్రాముకి నాలుగు కేలరీలే కాబట్టి ఖర్చూ తక్కువ. రొమ్ము ముక్కని అంతసేపు ఉడికిస్తే 70 డిగ్రీలు దాటాక అందులోని నీరంతా పిండినట్టు బయటికొచ్చి పీచు మిగులుతుంది. రొమ్ము కావాలనుకుంటే చివరి పావుగంటలో వేయాలి. ఎముకల రసాన్ని ముందురోజే రెక్కలతో, మెడలతో, దొరికితే కాళ్ళతో కాచి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది. తెల్లారేసరికి కొవ్వు పైకి తేలి పేరుకుంటుంది, చెంచాతో తీసేయవచ్చు. కింద రసం జెల్లీలా వణికితే జెలటిన్ బాగా దిగిందన్నమాట. నూటికి ఒక వంతు జెలటిన్ ఉన్నా చల్లటి రసం గడ్డకడుతుంది.

ఇక నునుపు. మీగడలోని కొవ్వు, నీటిలో సన్నటి గోళాలుగా తేలుతుంది. పాలలోని గోళాల వ్యాసం సగటున మూడు నాలుగు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకి మూడు నాలుగింతలు. అంత చిన్న గుండ్రటి కణాల్ని నాలుక విడివిడిగా గుర్తుపట్టలేదు. వాటన్నిటినీ కలిపి ‘మీగడ’ అనుకుంటుంది. కణం పెద్దదైనా, అంచులు తేలినా ఇసుకలా తగులుతుంది. నాలుక చూసేది ముఖ్యంగా కణం పరిమాణాన్నీ ఆకారాన్నీ. ఆ కణం కొవ్వే కావాలన్న నియమం లేదు. 1988లో అమెరికాలో ‘సింప్లెస్’ పేరుతో ప్రకటించిన పదార్థం ఈ సూత్రం మీదే తయారైంది. పాలవిరుగుడు నీటిలోని ప్రోటీన్లని వేడిచేస్తూ తీవ్రంగా చిలికి, ఒక మైక్రాన్ ప్రాంతపు గుండ్రటి కణాలుగా మార్చారు. కొవ్వు లేకుండానే ఐస్‌క్రీమ్‌కి మీగడ నునుపు వచ్చింది. వంటింట్లో ఆ యంత్రం ఉండదు. గిలక్కొట్టిన గట్టి పెరుగు మాత్రం ఉంటుంది.

పెరుగు అనగానే విరిగిపోతుందన్న భయం వస్తుంది. ఆ భయానికి కారణముంది. పాలలోని ముఖ్య ప్రోటీను కేసీన్. పి.హెచ్. 4.6 ప్రాంతానికి పులుపు చేరితే దాని కణాలు ఒకదాన్నొకటి వికర్షించుకోవడం మానేసి గుంపుకడతాయి. పెరుగు ఆ స్థితిలోనే ఉంటుంది. దానికి వేడి తోడైతే గుంపులు బిగుసుకుని నీటిని బయటికి నెట్టేస్తాయి. సాసులో తరకలు తేలతాయి. చిక్కటి మీగడకి ఈ గతి పట్టదు. అందులో కేసీన్ తక్కువ. ఉన్నదాంట్లోనూ చాలాభాగం కొవ్వు గోళాల మీద అంటుకుని ఉంటుంది, గుంపుకట్టడానికి చేతికి చిక్కదు. వైన్ పులుపులో కూడా మీగడ మరగగలగడానికి కారణం ఇది. కొవ్వు చేసే పనుల్లో కంటికి కనబడనిది బహుశా ఇదే.

ఈ పనికి తెలుగు వంటింట్లో ఏనాడో ప్రత్యామ్నాయం దొరికింది. మజ్జిగ పులుసు కాచేవాళ్ళు మజ్జిగలో ముందే శనగపిండి గానీ బియ్యప్పిండి గానీ కలిపి, ఆ తరవాతే పొయ్యి మీద పెడతారు. పిండిలోని స్టార్చి రేణువులు వేడికి నీరు తాగి ఉబ్బుతాయి. వాటిలోంచి పొడవాటి అణువులు బయటికి కారి, కేసీన్ కణాల మధ్య అడ్డుపడతాయి. కణాలు ఒకదాన్నొకటి తాకి బిగుసుకునే వీలు తగ్గుతుంది. ఫ్రికాసేలో మైదా ఉండటం మనకి ఇందుకు కూడా పనికొస్తుంది. పిండిని వేడి రసంలో నేరుగా పోస్తే ఉండలు కడుతుంది, ఎందుకంటే ఉండ పైపొర వెంటనే ఉబ్బి జిగురై లోపలికి నీరు పోనివ్వదు. ఫ్రెంచివారు పిండిని వెన్నలో వేయించి రేణువుల్ని విడదీస్తారు. శనగపిండిని మనం చల్లటి మజ్జిగలో కలిపి విడదీస్తాం. మైదాని పొడి పెనం మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, చల్లారిన ఎముకల రసంలో కలిపి పోస్తే వెన్న అవసరమే రాదు. మరీ ఎర్రగా వేయించకూడదు. ఎర్రబడేకొద్దీ స్టార్చి అణువులు తెగి, చిక్కబరిచే శక్తి తగ్గుతుంది.

పచ్చసొనని నేను పూర్తిగా వదులుకోను. ఒక్క పచ్చసొనలో నాలుగున్నర గ్రాముల కొవ్వు, 55 కేలరీలు ఉంటాయి. అంత తక్కువకి సాసుకి లేత పసుపునీ, దేనితోనూ రాని నిండుదనాన్నీ ఇస్తుంది. అందులోని లెసిథిన్ కొవ్వునీ నీటినీ కలిపి ఉంచుతుంది. ఒట్టి పచ్చసొన 70 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. మైదా ఉన్న సాసులో అయితే మరిగేదాకా తీసుకెళ్ళినా తరకలు కట్టదు. నిజానికి ఒక నిమిషం మరగనివ్వడమే మంచిది. పచ్చసొనలో స్టార్చిని ముక్కలు చేసే ఎంజైము ఉంటుంది. వేడికి అది చావకపోతే, చిక్కగా దింపిన సాసు వడ్డించే వేళకి పలచబడుతుంది. చాలామంది దీన్ని తమ చేతి తప్పనుకుంటారు. ఆ ఎంజైము ఉందని తెలిస్తే ఆ బాధ పడనక్కర్లేదు.

సువాసన దగ్గర కొవ్వుకి సరైన బదులు లేదు, పనిచేసే వేళని మార్చుకోవాలి. 1823లో మిషెల్ యూజెన్ షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు జంతువుల కొవ్వుల మీద తన పరిశోధన గ్రంథాన్ని ప్రచురించాడు. కొవ్వు అంటే గ్లిజరిన్‌కి కట్టిన కొవ్వు ఆమ్లాలని మనకి తెలిసింది ఆయన కృషి వల్లే. ఆ ఆమ్లాల పొడవాటి కర్బన గొలుసులు నీటితో కలవవు. వంటలోని చాలా వాసన అణువులది కూడా అదే స్వభావం. అందుకే అవి కొవ్వులో కరిగి దాక్కుంటాయి, నమిలేకొద్దీ మెల్లగా ముక్కుకి చేరతాయి. కొవ్వు తగ్గిన సాసులో అవి నిలవవు. కొన్ని ఉడుకుతున్నప్పుడే ఆవిరితో పోతాయి, మిగిలినవి మొదటి ముద్దకే గుప్పుమని ఆగిపోతాయి. కాబట్టి వెన్నని మొదట్లో వాడి ఖర్చు చేసుకోకూడదు. పది గ్రాములుంటే చాలు, పొయ్యి కట్టేశాక కలపాలి. టారగాన్ ఆకులు కూడా అప్పుడే తుంచి వేయాలి. సోంపుని తలపించే వాసన దానిది. థైమ్, బే ఆకు ఉడుకులో తట్టుకుంటాయి, ముందే వేయవచ్చు. విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఒక మాట. అక్కడ బే లీఫ్ పేరుతో దొరికేదీ మన బిర్యానీ ఆకూ ఒకటి కావు. మొదటిది లారెల్ చెట్టు ఆకు. మనది దాల్చినచెక్క జాతి చెట్టుది, వాసనా వేరే.

కొవ్వు తగ్గగానే ఉప్పూ పులుపూ నాలుకకి సూటిగా తగులుతాయి, ఎందుకంటే అవి కరిగేది నీటిలో. అలవాటైన కొలత ప్రకారం ఉప్పు వేస్తే ఎక్కువైనట్టుంటుంది. కాస్త తగ్గించి వేసి, చివర రుచి చూసుకోవాలి. పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే గ్లుటమేట్ ఆ తక్కువని కొంత పూరిస్తుంది. అవి నూనెనీ వెన్ననీ తెగ తాగుతాయన్నది వండేవాళ్ళందరికీ తెలుసు. లోపలంతా గాలి గదులుండటమే కారణం. ముందు రెండు చెంచాల నీళ్ళతో మూతపెట్టి మగ్గిస్తే ఆ గదులు కూలిపోతాయి. నీరంతా ఇగిరాక అవి ముందు ఉంచుకున్న ఆ చెంచాడు కోడి కొవ్వులోనే ఎర్రగా వేగుతాయి. చిన్న ఉల్లిపాయల్ని వెన్న లేకుండా ఎముకల రసంలోనే ఇగిరేదాకా ఉంచితే వాటి చక్కెరే పైన మెరుపు తెస్తుంది.

వైన్ విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది కనుక కూర ఉడికేసరికి అంతా పోతుందంటారు. నీటిలో కలిశాక అది అలా విడిగా పోదు. 1992లో అమెరికాలో ఒక పరిశోధక బృందం వంటకాల్లో మిగిలే ఆల్కహాలుని కొలిచింది. ఆ కొలతల ఆధారంగా వేసిన పట్టిక ప్రకారం అరగంట ఉడికాక 35 శాతం, గంట ఉడికాక 25 శాతం, రెండున్నర గంటల తరవాత కూడా 5 శాతం మిగిలింది. మంట అంటించే ఫ్లాంబే పద్ధతిలో అయితే 75 శాతం మిగిలే ఉంది. మతం కోసమో, మందుల కోసమో, పిల్లల కోసమో ఆల్కహాలు వద్దనుకునేవాళ్ళు ‘ఉడికిపోయిందిలే’ అనుకోకూడదు. వాళ్ళకి ఫ్రెంచి వంటలోనే వెర్‌జ్యూ ఉంది. పండని పచ్చి ద్రాక్ష పిండిన పుల్లటి రసం అది. ఐరోపా వంటల్లో మధ్యయుగాల నుంచీ వాడుకలో ఉన్నదే. దొరకకపోతే ఎముకల రసంలో కాస్త నిమ్మరసం పిండుకోవచ్చు, పులుపు పని అది చేస్తుంది.

ఈ పద్ధతిలో చివరి అంకం వరస తప్పకుండా నడవాలి. ముక్కలు ఉడికాక బయటికి తీసి, సాసుని వడకట్టి మరిగించాలి. ఒక పచ్చసొనలో రెండు గరిటెల వేడి సాసు కొద్దికొద్దిగా కలిపి, దాన్ని తిరిగి గిన్నెలో పోసి నిమిషం మరగనివ్వాలి. పొయ్యి కట్టేసి రెండు నిమిషాలు ఆగాలి. టోన్డ్ పాల పెరుగుని ముందే గుడ్డలో కట్టి నీరు కార్చి ఉంచుకోవాలి. అలాంటిది వంద గ్రాములు గిలక్కొట్టి, అదే విధంగా సాసుతో మెత్తబరచి కలపాలి. తరవాత ముక్కలు, ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, పది గ్రాముల వెన్న, టారగాన్, రెండు చుక్కల నిమ్మరసం. వెన్నలో 8 గ్రాములు, పచ్చసొనలో నాలుగున్నర, పెరుగులో సుమారు 6, పెనంలో మిగిల్చిన చెంచాడులో 5, అన్నీ కలిపితే సాసులో కొవ్వు పాతిక గ్రాములు దాటదు. ముందు 135 ఉండేది.

మీగడ ఫ్రికాసేని మళ్ళీ వేడిచేసినా తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు. మర్నాటికి జెలటిన్ వల్ల ముద్దకడుతుంది, స్టార్చి అణువులు మళ్ళీ దగ్గరికి చేరి నీరు వదులుతాయి. రెండు చెంచాల ఎముకల రసం పోసి, మరగనివ్వకుండా, కలుపుతూ వెచ్చచేసుకోవాలి. మిగులుతుందని ముందే తెలిస్తే పెరుగు కలపకముందు సగం సాసు తీసి పక్కన పెట్టుకోవడం ఇంకా మంచిది. పెరుగు, వెన్న, టారగాన్ తినే పూటే కలుపుకోవచ్చు.